షుగరుంటే కాపురంలో తీపి తగ్గాలా?

ఆ మధ్య ఓ ఆదివారం మా పిన్ని కూతురింటికి భోజనానికి వెళ్ళాను. భోజనాలయ్యాక మగవాళ్ళు హాల్లో టీవీ ముందు చేరారు. మేమిద్దరం వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్నాం. ఉన్నట్టుండి అది తలుపు దగ్గరగా వేసి నా పక్కకొచ్చింది.

"అక్కా, నిన్నొకటి అడుగుతాను. నవ్వకూడదు మరి!"

"అడగవే, నవ్వడమెందుకు?"

"ఏడాది నుంచీ ఆయన హాల్లో దివాన్ మీద పడుకుంటున్నారు. అడిగితే ఏసీ పడటం లేదంటారు. దగ్గరికెళ్ళి కూర్చుంటే 'నిద్రొస్తోందే' అని అటు తిరిగిపోతారు. నేను లావయ్యాననో, వయసు మీద పడిందనో... లేకపోతే ఆఫీసులో ఎవరైనా..." అంటూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

దానికి నలభై నాలుగేళ్ళు. మా మరిదికి యాభై దాటలేదు. ఇద్దరూ చూడముచ్చటగా ఉంటారు. నాకు వెంటనే ఒకటే అనుమానం వచ్చింది.

"మీ ఆయనకి షుగరు ఎన్నేళ్ళ నుంచీ?"

అది విస్తుపోయి చూసింది. "పదకొండేళ్ళు. అయినా దానికీ దీనికీ ఏమిటక్కా సంబంధం?"

ఈ ప్రశ్న మా చెల్లెలొక్కదానిదే కాదు, ఎందరో ఇల్లాళ్ళది. పైకి అడగలేక లోపల్లోపల కుమిలిపోయే వాళ్ళే ఎక్కువ. అందుకే ఈ వారం వంటింటి కబుర్లు కాస్త పక్కన పెట్టి, పడకగది తలుపు వెనక జరిగే ఈ కథ గురించి మాట్లాడుకుందాం. సిగ్గుపడాల్సిందేమీ లేదు సుమా!

సంబంధం ఉంది, చాలా ఉంది!

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో షుగరున్న వాళ్ళు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. అంటే షుగరు లేని వీధి లేదన్న మాట. షుగరు వస్తే కళ్ళు, కిడ్నీలు, కాళ్ళు జాగ్రత్త అని అందరూ చెబుతారు. దాంపత్య జీవితం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అడగడానికి డాక్టరు గారికి తీరిక ఉండదు, చెప్పడానికి మనకి నోరు రాదు.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. వెయ్యేళ్ళ క్రితమే ఇబ్న్ సీనా అనే పర్షియా వైద్యుడు మధుమేహం లక్షణాలు రాస్తూ, దాంపత్య శక్తి సన్నగిల్లడాన్ని కూడా వాటిలో చేర్చాడు. మనం మాత్రం ఇప్పటికీ దాన్ని 'మనసు మారింది', 'మోజు తీరింది' అనే లెక్కలోనే వేస్తున్నాం.

శ్రీవారి సంగతి

మగవారిలో అంగస్తంభన జరగాలంటే మూడు పనులు వరసగా జరగాలి. మనసులో కోరిక కలగాలి. ఆ కబురు నరాల ద్వారా కిందికి అందాలి. అందిన వెంటనే అక్కడి రక్తనాళాలు విచ్చుకుని రక్తం నిండాలి. రక్తనాళాలు విచ్చుకోవడానికి కారణం ఒంట్లో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థం. ఇది చేసే పనిని కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ దెబ్బతింటాయి, రక్తనాళాల లోపలి పొరా దెబ్బతింటుంది. కోరిక ఉంటుంది, భార్య మీద ప్రేమా ఉంటుంది. కానీ కబురు అందదు, రక్తం చేరదు. పాచి పట్టిన పైపులో నీళ్ళు సన్నగా వచ్చినట్టన్న మాట. దీనికి తోడు పొట్ట పెరిగిన వారిలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను తగ్గి, అసలు కోరికే మందగించవచ్చు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో నలభై నుంచి డెబ్బై ఏళ్ళ మగవారి మీద చేసిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 1994లో వచ్చాయి. బొత్తిగా అంగస్తంభన లేకపోవడం అనేది షుగరుకి మందులు వాడుతున్న వారిలో మొత్తం మీద కనిపించిన దానికి దాదాపు మూడు రెట్లు ఉందని తేలింది. షుగరు లేని వారితో పోలిస్తే షుగరున్న వారికి ఈ ఇబ్బంది పది, పదిహేనేళ్ళు ముందే వస్తుందని డాక్టర్లు చెబుతారు.

ఇప్పుడు ఆలోచించండి. ఒకటి రెండుసార్లు విఫలమైన మగవాడు ఏం చేస్తాడు? భార్యతో చెప్పుకోడు. ఇంకోసారి అదే అవమానం ఎదురవుతుందేమోనని దగ్గరికే రాడు. ఏసీ పడదంటాడు, నడుం నొప్పంటాడు, టీవీ చూస్తూ అక్కడే పడుకుండిపోతాడు. ఇల్లాలు దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటుంది. ఆయన సిగ్గు, ఈవిడ అనుమానం... మధ్యలో కాపురం నలిగిపోతుంది!

ఇది గుండె కొట్టే గంట కూడా!

ఈ మాట ప్రతి ఇల్లాలూ కొంగున ముడేసుకోవాలి. మగవారి అంగంలోని రక్తనాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి. గుండెకు రక్తమందించే నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్లుంటాయి. కొవ్వు పేరుకుంటూ వస్తే ముందు మూసుకుపోయేది సన్న నాళాలే కదా! అందుకే చాలామందిలో గుండె జబ్బు బయటపడటానికి రెండు నుంచి ఐదేళ్ళ ముందే పడకగదిలో ఈ ఇబ్బంది కనిపిస్తుంది.

అంటే సిగ్గుపడి దాచుకున్న విషయమే రేపు ప్రాణం నిలబెట్టే కబురు కావచ్చు. షుగరున్న మగవారిలో ఈ సమస్య మొదలైతే బీపీ, కొలెస్ట్రాల్, గుండె పరీక్షలు చేయించాలని డాక్టర్లు చెప్పేది అందుకే. ఇది దాంపత్య సుఖం కోసం మాత్రమే కాదమ్మా, పసుపు కుంకుమల కోసం కూడా!

మరి మన సంగతో?

షుగరు మగవారికే వస్తుందా ఏమిటి? అయితే ఆడవారి ఇబ్బందుల గురించి చెప్పేవారూ తక్కువే, వినేవారూ తక్కువే. షుగరున్న ఇల్లాలికి ఇవి ఎదురుకావచ్చు:

• యోని పొడిబారడం వల్ల కలయిక సమయంలో మంట, నొప్పి. ముట్లుడిగే వయసైతే ఇది మరీ ఎక్కువ.

• మాటిమాటికీ దురద, విరిగిన పెరుగులా తెల్లబట్ట. ఇది ఫంగస్ వల్ల వస్తుంది. చక్కెర ఎక్కువున్న చోట ఆ ఫంగస్‌కి పండగే!

• మూత్రంలో మంట, పదే పదే ఇన్ఫెక్షన్లు.

• కోరిక తగ్గడం, స్పర్శ మందగించడం, ఎంతసేపటికీ తృప్తి కలగకపోవడం.

• నీరసం, దిగులు. దిగులు ముదిరితే కోరికను చంపేస్తుంది. షుగరున్న వారిలో దిగులు జబ్బు మామూలు వారి కంటే ఎక్కువగా కనిపిస్తుంది కూడా.

నొప్పికి భయపడి భార్య పక్కకు జరిగితే, 'దీనికి నేనంటే ఇష్టం లేదు' అనుకుంటాడు భర్త. చూశారా, ఇక్కడా అదే కథ, మనుషులు మాత్రం అటూ ఇటూ అయ్యారు. అంతే!

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ మధ్య షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు ఎక్కువగా రాస్తున్నారు. గుండెకీ కిడ్నీలకీ మేలు చేసే మంచి మందులివి. కాకపోతే ఒంట్లో చక్కెరను మూత్రంలోకి పంపించేస్తాయి. అందువల్ల ఆడవారికి ఫంగస్ దురద, మగవారికి అంగం చివర ఎర్రబడి చర్మం చిట్లడం రావచ్చు. మీ చీటీ మీద చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉన్న మందు ఉండి, దురద కూడా మొదలైతే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. మీ అంతట మీరు మందు మానకండి. చాలామందికి కొద్దిపాటి చికిత్సతోనే తగ్గిపోతుంది. అయితే జ్వరంతో పాటు ఆ చోట వాపు, విపరీతమైన నొప్పి ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంట్లో పాటించాల్సినవి సులువైనవే. నూలు లోదుస్తులు వాడండి. శుభ్రం చేసుకునేటప్పుడు ముందు నుంచి వెనక్కి తుడుచుకుని, తడి లేకుండా చూసుకోండి. లోపల సబ్బులూ డెటాలూ పోసి కడగకండి, మేలు కంటే కీడే ఎక్కువ. కలయిక తర్వాత మూత్రానికి వెళ్ళి రావడం మంచి అలవాటు.

పొడిబారడానికి మందుల షాపుల్లో నీటితో తయారైన జెల్లీలు దొరుకుతాయి. అడగడానికి మొహమాటమైతే కాగితం మీద రాసి ఇవ్వండి. కొందరు కొబ్బరినూనె వాడతారు. నిరోధ్ వాడే దంపతులు మాత్రం నూనె జోలికి పోకూడదు, రబ్బరు చిరిగిపోతుంది. ముట్లుడిగిన వారికి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీములున్నాయి. అవి డాక్టరమ్మ రాసిస్తేనే వాడాలి.

మంచం పక్కన మూడు చెంచాల పంచదార

కలయిక కూడా ఒంటికి వ్యాయామం లాంటిదే. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి ఆ సమయంలోనో, ఆ తర్వాత నిద్రలోనో చక్కెర పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, కళ్ళు తిరగడం, మాట తడబడటం దాని గుర్తులు.

గ్లూకోమీటరులో 70 కన్నా తక్కువుంటే వెంటనే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్ళీ చూడాలి. పెరగకపోతే ఇంకోసారి ఇవ్వాలి. మీటరు లేకపోయినా గుర్తులు కనిపిస్తే పంచదార ఇవ్వడమే మంచిది. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అందుకే పడకగదిలో మంచినీళ్ళ చెంబు పక్కనే చిన్న డబ్బాలో పంచదార పెట్టుకోండి. రాత్రి అన్నం మానేసి ఇన్సులిన్ మాత్రం వేసుకోవడం, ఖాళీ కడుపుతో మందు కొట్టడం చాలా ప్రమాదం. ఆ మాట శ్రీవారికి గట్టిగానే చెప్పండి!

గుండె జబ్బున్న వారికి ఇంకో భయం ఉంటుంది, ఆ సమయంలో ఏమైనా అవుతుందేమోనని. రెండంతస్తుల మెట్లు ఆయాసం, ఛాతీ నొప్పి లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా కలయికను కూడా గుండె తట్టుకోగలదు. ఎక్కలేకపోతే ముందు డాక్టరుని కలవాలి.

వైద్యం ఉంది... గోడ మీది కాగితాల్లో కాదు!

బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద 'రహస్య వ్యాధులకు గ్యారంటీ వైద్యం' అన్న కాగితాలు మీరూ చూసే ఉంటారు. మన మగవాళ్ళు అసలు డాక్టరు దగ్గర నోరు విప్పరు గానీ, ఇలాంటి చోట మాత్రం వేలకు వేలు పోసి వస్తారు. మూలికలని చెప్పి అమ్మే శక్తి మందులు కొన్నిటిలో ఇంగ్లీషు మందు సిల్డెనాఫిల్‌ని దొంగచాటుగా కలిపినట్టు పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. ఎంత కలిపారో కూడా తెలియదు!

సిల్డెనాఫిల్ అసలు గుండె నొప్పి కోసం పరీక్షించిన మందు. అంగస్తంభనకు పనిచేస్తుందని తేలాక 1998లో అమెరికాలో అనుమతించారు. షుగరున్న మగవారి మీదే జరిపిన ఒక పరిశీలన 1999లో వచ్చింది. ఈ మందు వేసుకున్న వారిలో నూటికి 56 మందికి గుణం కనిపించింది. ఉత్త మాత్ర వేసుకున్న వారిలో 10 మందికే కనిపించింది. అంటే అందరికీ కాకపోయినా సగం మందికి పైగా మేలు చేస్తుందన్న మాట.

అయితే ఒక్కటి మరవకండి. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు, నైట్రేట్ జాతి మందులు వాడేవారు దీన్ని ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణానికే ముప్పు. స్నేహితుడు ఇచ్చాడని వేసుకునే మాత్ర కాదిది.

మాత్ర పనిచేయని వారికి ఇంజక్షన్లు, గాలి తీసి రక్తం నింపే పంపు, చివరికి ఆపరేషను కూడా ఉన్నాయి. హార్మోను తగ్గిందనుకుంటే పొద్దున్నే రక్త పరీక్ష చేస్తారు. కొన్ని బీపీ మందుల వల్ల, దిగులు మందుల వల్ల కూడా ఈ ఇబ్బంది రావచ్చు. వాటిని మానేయకూడదు, మార్చమని అడగాలి.

డాక్టరు గారికి ఎలా చెప్పాలి?

నోటితో రాకపోతే చీటీ మీద రాయండి: "షుగరు వచ్చి ఇన్నేళ్ళయింది. ఇన్ని నెలలుగా అంగస్తంభన సరిగ్గా లేదు. తెల్లవారుజామున కూడా ఉండటం లేదు." ఈ చివరి మాట డాక్టరుకి చాలా పనికొస్తుంది. తెల్లవారుజామున మామూలుగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే ఇబ్బందైతే అది మనసుకి సంబంధించినది కావచ్చు. క్రమక్రమంగా అన్ని వేళలా తగ్గిపోతే కారణం ఒంట్లో ఉండవచ్చు. వాడుతున్న మందులన్నీ చేతి సంచీలో వేసుకు వెళ్ళండి. ఆడవారైతే గైనకాలజిస్టుకి "కలయికలో నొప్పిగా ఉంది, షుగరుంది" అని ఒక్క మాట చెబితే చాలు, మిగతాది ఆవిడే అడుగుతుంది.

ఇంకా పిల్లలు కావాలనుకునే షుగరు రోగులైన అమ్మాయిలు మాత్రం ముందుగానే డాక్టరుని కలవాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష 6.5 లోపు వచ్చాక గర్భం ధరిస్తే తల్లికీ బిడ్డకీ క్షేమం. అందాకా కుటుంబ నియంత్రణ తప్పనిసరి.

వంటింటి నుంచి పడకగది దాకా

మందులు డాక్టరు చేతిలో ఉంటే, సగం వైద్యం మన చేతిలో ఉంది. టైప్ 1 షుగరున్న వారి మీద అమెరికా, కెనడాల్లో పదేళ్ళపాటు జరిగిన పరిశీలన ఫలితాలు 1993లో వచ్చాయి. చక్కెరను గట్టిగా అదుపులో పెడితే నరాలు దెబ్బతినడం 60 శాతం తగ్గుతుందని తేలింది. నరాలు బాగుంటే మిగతావన్నీ బాగుంటాయి కదా!

కంచంలో సగం కూరలు, ఆకుకూరలు. పావు వంతు అన్నమో జొన్న రొట్టో. మిగతా పావు పప్పు, గుడ్డు, చేపలాంటివి పెట్టండి. రాత్రి భోజనం పదింటికి కాకుండా ఎనిమిదింటికే ముగించండి. పొట్ట నిండా తిని పక్కమీదికి చేరితే నిద్ర తప్ప ఇంకేం వస్తుంది? భోజనం తర్వాత ఇద్దరూ కలిసి అరగంట నడవండి. వారంలో ఐదు రోజులు నడిస్తే డాక్టర్లు చెప్పే 150 నిమిషాలూ పూర్తవుతాయి. సిగరెట్టు రక్తనాళాలకు శత్రువు, దాన్ని మాన్పించాల్సిందే. చాలామందికి హెచ్‌బీఏ1సీ 7 దగ్గరుంటే మంచిది. వయసును బట్టి, ఇతర జబ్బులను బట్టి మీకు ఎంతుండాలో డాక్టరే చెబుతారు.

అన్నిటికన్నా ముఖ్యం మాట. ఆ మాట పడక మీద, విఫలమైన క్షణంలో ఎత్తకండి. నడకలోనో, కాఫీ తాగేటప్పుడో నెమ్మదిగా అనండి: "ఏమండీ, ఇది షుగరు వల్ల కూడా వస్తుందట. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దామా?" 'మీకు' అనకుండా 'మనకు' అంటే చాలు, మగవాడి సగం భారం దిగిపోతుంది. ఇంకో మాట. దాంపత్యమంటే కలయిక ఒక్కటే కాదు. చెయ్యి పట్టుకోవడం, తల నిమరడం, దగ్గరగా పడుకుని కబుర్లు చెప్పుకోవడం... వీటికి ఏ షుగరూ అడ్డు రాదు.

ఇంతకీ మా చెల్లెలేం చేసింది? వారం రోజులు తటపటాయించి, ఓ సాయంత్రం వాకింగులో అడిగేసింది. మా మరిది చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత "నువ్వేమనుకుంటావోనని చెప్పలేదే" అన్నారట. ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. హెచ్‌బీఏ1సీ 9 దాటి ఉంది. గుండె పరీక్షలో కొంచెం తేడా కనిపిస్తే దానికీ మందులు మొదలుపెట్టారు. ఇంకో రెండేళ్ళు దాచి ఉంటే ఏమయ్యేదో అని అది ఇప్పటికీ గుండెల మీద చెయ్యి వేసుకుంటుంది.

అంతా కొత్త పెళ్ళికూతురి రోజుల్లా అయిపోయిందని చెప్పను. కొన్నిసార్లు మందు పనిచేస్తుందట, కొన్నిసార్లు లేదట. మొన్న ఫోనులో నేనే నవ్వుతూ అడిగాను, "ఏమే, దివాన్ సంగతేమిటి?" అని.

"దాని మీద ఇప్పుడు ఇస్త్రీ బట్టలు పెడుతున్నానక్కా!" అంది.